ప్రశంసాపత్రంలో పేరు

గత వార్షికోత్సవానికి ప్రశంసాపత్రాలను మన కంప్యూటర్ ప్రయోగశాలలోనే ముద్రించుకున్నాము. ఆంగ్లంలో పేర్లన్నీ చక్కగా వచ్చాయి. తెలుగులో 'లక్ష్మి' వంటి పేర్లలో వత్తులు క్రిందికి దిగక, పొల్లులతో అక్షరాలు విడివిడిగా నిలిచాయి. ఉర్దూ పేర్లలో అక్షరాలు ఒకదానినొకటి కలియక, పైగా ఎడమనుండి కుడికి వరుస తీరాయి. ఈ ఒక్క విషయంలో రెండు భాషలకూ సమాన న్యాయమే జరిగిందనాలి!

ఫాంటులు మార్చి చూశాము, ఫలితం లేదు. దోషం వేరొక చోట ఉన్నది. బొమ్మపై అక్షరాలు వ్రాయడానికి మేము వాడిన పిల్లో అనే పైథాన్ లైబ్రరీ, ప్రాథమిక పద్ధతిలో ఒక అక్షరం పక్కన మరొకటి పేర్చుకుంటూ పోతుంది. ఆంగ్లానికి అది చాలు. మన లిపులకు రాక్మ్ అనే మరొక లైబ్రరీ తోడు కావాలి. ఆ రాక్మ్‌కు మరల హార్ఫ్‌బజ్, ఫ్రిబిడి అనేవి ఆధారం. ఇదంతా ఐచ్ఛికమే. తోడు లేకుండా నిర్మించినా పిల్లో పేరు మారదు, వెర్షన్ సంఖ్యా మారదు. 2021లో వెలువడిన 8.2.0 నుండి సిద్ధంగా దొరికే ప్యాకేజీలలో రాక్మ్ చేరినా, విండోస్‌లో ఫ్రిబిడిని మనమే సమకూర్చుకోవాలి. అది దొరకకుంటే పిల్లో మౌనంగా ప్రాథమిక పద్ధతికి దిగుతుంది. ఆ మౌనమే మమ్ములను మోసగించినది.

ప్రయోగశాల రిజిస్టరులో ప్యాకేజీ పేరు, వెర్షన్, తేదీ అనే గడులున్నాయి. ఏ ఆప్షన్లతో నిర్మించినదన్న గడి లేదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రాక్మ్ ఉన్నదీ లేనిదీ పిల్లో ఒక్క పంక్తిలో చెబుతుంది. ఇమేజ్‌మ్యాజిక్ తన వెర్షన్‌తో పాటే తోడు లైబ్రరీల పట్టికనూ చూపుతుంది. జెంటూ లినక్స్‌లోనైతే స్థాపనకు ముందే ప్యాకేజీతో పాటు దాని ఆధారాల యూజ్ ఫ్లాగులను కూడా చూడవచ్చు. అంతేకాదు, తన ఆధారం ఫలానా ఫ్లాగుతోనే నిర్మితమై ఉండాలని ఒక ప్యాకేజీ నియమం పెట్టుకోవచ్చు; ఆ నియమం తీరకపోతే స్థాపన అక్కడే ఆగిపోతుంది. నోరు విప్పి ఆగిపోయే ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది.

"ఆంగ్లంలోనే వేస్తే సరిపోదా?" అని కొందరు పెద్దలు సెలవిచ్చారు. ఆ సలహాను సవినయంగా కాదంటున్నాము. ఉర్దూ ఒక్కటే చదువ వచ్చిన తండ్రి, కుమార్తె తెచ్చిన పత్రంలో ఆమె పేరు వెదుక్కోవాలి గదా!

కళాశాల కమిటీకి మా మనవి స్వల్పమైనది. రిజిస్టరులో ఆప్షన్ల గడి ఒకటి చేర్చాలి. కొత్త ప్యాకేజీ వచ్చినపుడెల్లా వత్తులున్న ఒక తెలుగు పేరును, ఒక ఉర్దూ పేరును ముద్రించి చూడాలి. చెడిన పత్రాలను వెనక్కు తీసుకొని, విద్యాసంవత్సరం ముగియక ముందే సరియైనవి ఇవ్వాలి. ముద్రించే బాధ్యత మాది. కాగితం మాత్రం కమిటీ ఇప్పించాలి.