అటక మీది గాజు పళ్లెం ఏ ఊరిది?

అమలాపురం దగ్గరి ఓ పల్లె నుంచి ఒక అక్కయ్యగారు ఉత్తరం రాశారు. మండువా ఇల్లు విప్పేస్తున్నారట. తలుపులు, దూలాలు, ద్వారబంధాలు బేరమైపోయాయి. చివరికి అటక మీంచి ఒక గాజు పళ్లెం, మూత ఉన్న గిన్నె, ఆరు గ్లాసులు దిగాయి. ఒక్కదాని మీదా పేరు లేదు, ముద్ర లేదు. పెద్దన్నయ్యగారేమో ‘‘బెల్జియం కట్‌గ్లాసు, లక్షలు పలుకుతుంది’’ అంటున్నారు. పాత సామాన్లు కొనే ఆయన ‘‘అన్నీ కలిపి ఐదొందలండీ’’ అన్నాడట. నలుగురు తోబుట్టువుల మధ్యా మాటా మాటా పెరిగింది. ఇంతకీ ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ నమ్మక్కర్లేదు. ముందు మీ వేళ్లని నమ్మండి.

ఇలాంటి సామానులో చాలా భాగం కట్‌గ్లాసు కాదు, అచ్చులో ఒత్తిన గాజు. 1820ల్లో అమెరికాలో ఈ పద్ధతి ఊపందుకుంది. కరిగిన గాజు ముద్దను ఇనప అచ్చులో వేసి, పై నుంచి దిమ్మెతో గట్టిగా ఒత్తేస్తారు. మన జంతికల గొట్టం లాంటిదే, కాకపోతే అడుగున కన్నాలుండవు! పోవడానికి దారి లేక గాజు అచ్చు గోడల్లోని చెక్కడమంతా నింపేస్తుంది. ఒక్కో పువ్వూ సానరాయి మీద పట్టి కోయాల్సిన పనిని ఒక్క ఒత్తుడుతో కానిచ్చేశారన్నమాట. షావుకార్ల ఇళ్లలోనే మెరిసే నగిషీ గాజు మామూలు సంసారుల బల్ల మీదకు వచ్చింది అప్పుడే.

ఇక గిన్నె లోపల వేలు పెట్టి చూడండి. బయట ఎంత నగిషీ ఉన్నా లోపల నున్నగా ఉందా? అయితే అది అచ్చులో ఊదిన గాజు కాదు. ఊదినదైతే బయట ఉబ్బిన చోటల్లా లోపల గుంట తగులుతుంది. తర్వాత నగిషీ అంచుల మీద వేలు రాయండి. చుర్రుమని కోసుకునేలా ఉంటే కట్‌గ్లాసు. అరిగిన సబ్బుబిళ్ల అంచులా గుండ్రంగా ఉంటే ఒత్తిన గాజు. మూడోది అతుకు గీత. రెండు మూడు ముక్కల అచ్చు కలిసిన చోట సన్నని గీత పై నుంచి కిందికి దిగుతుంది. గీత కనిపించనంత మాత్రాన కట్‌గ్లాసు అనేయకండి. మంచి కార్ఖానాల్లో సరుకును మళ్లీ మంటకు చూపించి ఆ గీత కరిగిపోయేలా చేసేవారు. మరో ఆనవాలు మూతి. దిమ్మె లోపలికి దిగి తిరిగి పైకి రావాలి కదా! అందుకే ఒత్తిన గిన్నెలన్నీ నోరు వెడల్పుగానే ఉంటాయి. సన్నమెడ పన్నీరు బుడ్డి ఒక్క ఒత్తుడుతో తయారు కాదు.

పాతదో కొత్తదో తేల్చేది అడుగు భాగం. ఏళ్ల తరబడి బల్ల మీద, బీరువాలో జరిగిన పళ్లేనికి అడుగున, ఆనే చోట మాత్రమే, సన్నని గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. గీతలన్నీ ఒకే వైపు వరసగా ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారేమో అనుమానించాల్సిందే.

మరి ఏ దేశానిది? పేరు లేకపోవడం వింతేమీ కాదు. చాలా కంపెనీలు పేరును కాగితం చీటీ మీదే వేసేవి. మొదటిసారి కడిగినప్పుడే అది కొట్టుకుపోయింది. ఇంగ్లండు సరుకైతే ఒక్కోసారి వజ్రం ఆకారపు చిన్న ముద్ర కనిపిస్తుంది. అది 1842 నుంచి 1883 దాకా నమూనా నమోదు గుర్తు. 1884 నుంచి ‘ఆర్‌డీ’ అక్షరాలూ ఒక నంబరూ వేశారు. భూతద్దం పట్టుకుని వెతకండి. రంగురంగుల నూనె పొర తేలినట్టు మెరిసే గ్లాసు అడుగున ‘జైన్’ అని ఇంగ్లిష్ అక్షరాలుంటే అది సీమ సరుకు కాదు, ఫిరోజాబాద్ జైన్ గ్లాస్ వర్క్స్‌ది. విదేశీ సేకరణదారులు ఇప్పుడు దాన్నే వెతుక్కుంటున్నారు!

మన వైపు మంచి గాజు కనిపిస్తే చాలు, ‘బెల్జియం’ అనేస్తాం. కిటికీ అద్దాలూ, నిలువుటద్దాలూ అక్కడి నుంచి ఎక్కువగా రావడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. బల్ల సామాను మాత్రం చెకోస్లోవేకియా, జపాన్, జర్మనీల నుంచి కూడా మన దేశానికి దిగేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ధాన్యం డబ్బు ఆడింది, పక్కనే కాకినాడ రేవు ఉంది, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం ఉంది. ఇన్ని దారులున్నప్పుడు ఊరికే ఒక దేశం పేరు పట్టుకు వేలాడటం దేనికి? పైగా గాజు, పింగాణీ మడికి పనికిరావని చాలా ఇళ్లలో వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. ఆ పట్టింపు వల్లే అవి అద్దాల బీరువాల్లో భద్రంగా మిగిలాయి.

ఆకుపచ్చ, పసుపు పచ్చ గాజు అయితే ఒక తమాషా చేయండి. దొంగనోట్లు పట్టుకునే నీలిలైటు చీకట్లో దాని మీద వేయండి. చిలకపచ్చగా భగ్గుమంటే అందులో యురేనియం కలిపారన్నమాట. 19వ శతాబ్దంలో రంగు కోసం అలా కలిపేవారు. బీరువాలో ఉంచుకుంటే భయం లేదు, తినడానికి తాగడానికి మాత్రం వాడొద్దు.

ధర సంగతి. ఒత్తిన గాజు వేల సంఖ్యలో తయారైన సరుకు. లక్షల మాట మర్చిపోండి. కానీ మూతతో సహా గిన్నె, పెచ్చు ఊడని ఆరు గ్లాసుల వరస ఐదొందలకు తూకం వేసే వస్తువులూ కావు. అమ్మేముందు వీలైతే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని గాజు విభాగం ఒకసారి చూసి రండి. అసలు కట్‌గ్లాసు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. అక్కయ్యగారి విషయంలో నేనైతే పంపకంలో వరస విడగొట్టొద్దంటాను. తలో గ్లాసు తీసుకుంటే ఎవరికీ ఏమీ మిగలదు.

ఒక్క జాగ్రత్త. గోటితో మీటితే గుడిగంటలా సాగే మోత, చేతిలో బరువు రెండూ ఉంటే అందులో సీసం కలిసి ఉండొచ్చు. ఆవకాయ, నిమ్మకాయ పచ్చళ్ల పులుపుకి ఆ సీసం ఊరుతుంది. అందుకని దాన్లో పచ్చడి నిలవ పెట్టకండి. కడిగేటప్పుడు మరిగిన నీళ్లు కూడా పోయకండి, పాత గాజు ఠక్కున పగులుతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, తొట్టి అడుగున ఒక తువ్వాలు చాలు.