మహిళలు - క్యాన్సర్: తిండితో తగ్గేదెంత.. తగ్గనిదెంత? ఆ వీడియోలు నమ్మేముందు ఇది తెలుసుకోండి!

పసుపు, వేపాకు తింటే క్యాన్సర్ పోతుంది.. చక్కెర, పాలు మానేస్తే గడ్డ కరిగిపోతుంది.. ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియోలే. మరి ఆహారానికీ, మహిళల్లో వచ్చే క్యాన్సర్లకూ సంబంధమే లేదా? ఉంది. కానీ అది ముప్పు తగ్గించుకోవడం వరకే. వచ్చిన జబ్బును నయం చేయడం తిండి పని కాదు. ఈ రెండిటినీ కలిపేయడమే ఇప్పుడు ప్రాణాల మీదకు తెస్తోంది.

సిద్ధూ మాటలతో మొదలైన రచ్చ

తన భార్య నాలుగో దశ క్యాన్సర్ నుంచి బయటపడటంలో ఆహార నియమాలు కీలకమయ్యాయని మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ 2024 నవంబర్‌లో చెప్పారు. ఆ వీడియో దేశమంతా చుట్టేసింది. దీంతో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రికి చెందిన 262 మంది ప్రస్తుత, మాజీ క్యాన్సర్ వైద్యులు ప్రకటన విడుదల చేశారు. పసుపు, వేప క్యాన్సర్‌ను నయం చేస్తాయనడానికి గట్టి ఆధారాల్లేవని, చికిత్స ఆలస్యం చేయొద్దని కోరారు. నిజానికి ఆమెకు సర్జరీ, కీమోథెరపీ కూడా జరిగాయి. డాక్టర్ల సలహాతోనే డైట్ పాటించామని సిద్ధూ కూడా తర్వాత వివరణ ఇచ్చారు.

అసలు ముప్పు ఎక్కడంటే..

పెద్ద సమస్య బరువు. నెలసరి ఆగిపోయాక ఒంట్లో ఈస్ట్రోజన్ ప్రధానంగా కొవ్వు నుంచే తయారవుతుంది. కొవ్వు పెరిగితే ఆ హార్మోన్ కూడా పెరుగుతుంది. రొమ్ము, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్లకు ఇదో కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు దేశంలో 24 శాతం. తెలంగాణలో 30.1, ఏపీలో 36.3 శాతం!

కంచం నిండా అన్నం, పక్కన కాస్త కూర.. మన ఇళ్లలో లెక్క ఇదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2 వేల కేలరీల భోజనంలో 250 గ్రాముల ధాన్యాలుంటే, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. పప్పు దినుసులతో పాటు పాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఇక మద్యం. కొంచెం తాగినా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లోనే హెచ్చరించింది. వక్క, జర్దా నమిలితే నోటి క్యాన్సర్ ముప్పు ఉంటుంది.

డైట్ ఆపలేనివి కూడా ఉన్నాయ్

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని కేసుల్లోనూ హెచ్‌పీవీ వైరసే మూలం. దానికి అడ్డుకట్ట టీకా, స్క్రీనింగ్. రొమ్ము క్యాన్సర్‌కు వయసు, వంశపారంపర్యం కూడా కారణాలే. ఎంత జాగ్రత్తగా తిన్నవారికైనా రావొచ్చు. అందుకే జబ్బు పడిన మనిషిని "ఏం తిన్నావో ఏమో" అని నిందించడం తప్పు.

2022లో దేశంలో 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు, 98 వేలకు పైగా మరణాలు నమోదైనట్లు గ్లోబోకాన్ అంచనా. కానీ 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమే. ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. అంటే వందలో ఇద్దరు కూడా లేరు! 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ స్క్రీనింగ్ ఉచితమే అయినా పరిస్థితి ఇదీ.

రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, నెలసరి ఆగాక మళ్లీ రక్తస్రావం.. వీటిలో ఏది కనిపించినా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. రొమ్ము క్యాన్సర్‌ను తొలి దశలో పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. చిట్కాలతో నెలలు గడిపేస్తే.. పోయిన ఆ సమయాన్ని ఏ డైటూ తెచ్చివ్వలేదు.