నరసాపురం నేర్పే పాఠం: పరిశ్రమలకు కావలసినది ప్రచారం కాదు, లెక్కలు

పరిశ్రమను ఎక్కడ స్థాపించాలో నిర్ణయించే వారు మొదట ఊళ్లకు రారు. కార్యాలయంలో కూర్చుని అనేక ప్రాంతాల వివరాలను పోల్చి చూస్తారు. లెక్కలు దొరకని వాటిని తొలగిస్తారు. మిగిలిన రెండు మూడింటిని మాత్రమే స్వయంగా పరిశీలిస్తారు. తొలగిన ప్రాంతానికి ఆ సంగతి తెలియనే తెలియదు. కనుక ప్రభుత్వాల పారిశ్రామికాభివృద్ధి వెబ్‌సైట్లు కేవలం ప్రచార సాధనాలు కావు. ముళబాగిలు, శ్రీనివాసపురం, కుప్పం, పుంగనూరు పల్లెల యువత ఉపాధి కూడా వాటితో ముడిపడి ఉన్నది.

కోలారు జిల్లా నరసాపురమే ఇందుకు ఉదాహరణ. బెంగళూరు–చెన్నై రహదారి వెంట వెలసిన ఈ పారిశ్రామికవాడలో 2013లో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం ప్రారంభమైనది. 2020లో తైవాన్ సంస్థ విస్ట్రాన్ ఐఫోన్ల తయారీ చేపట్టినది. రహదారి, మహానగర సామీప్యం పటంలోనే కనిపిస్తాయి. పటం చూపని అంశాల వద్దనే చిక్కులు మొదలైనవి.

2020 డిసెంబరు 12న వేతనాల విషయమై ఆగ్రహించిన కార్మికులు విస్ట్రాన్ కర్మాగారంలో విధ్వంసానికి దిగారు. అక్టోబరు, నవంబరు నెలల్లో కొందరికి వేతనాలు ఆలస్యమైనట్లు ఆపిల్ సంస్థ ధ్రువీకరించి, విస్ట్రాన్‌కు కొత్త పనులు ఇవ్వడం తాత్కాలికంగా నిలిపివేసినది. స్వల్పకాలంలోనే కార్మికుల సంఖ్య పదివేలు దాటగా, అందుకు తగిన నిర్వహణ కొరవడినదని కర్మాగారాల శాఖ గుర్తించినది. 2023లో టాటా సంస్థ ఆ వ్యాపారాన్ని కొనుగోలు చేసినది.

కాబట్టి “కార్మికులు లభిస్తారు” అన్న ఒక్క వాక్యం చాలదు. ముప్పై కిలోమీటర్ల పరిధిలో ఐటీఐ చదివినవారు ఎందరు, రాత్రి షిఫ్టుకు బస్సులున్నవా, మహిళలకు వసతి గృహాలున్నవా అన్నవి తాలూకా వారీగా తెలియాలి.

నీటి సంగతి మరింత ముఖ్యం. కోలారుకు నిత్యం పారే నది లేదు. 2018 నుండి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటితో ఇక్కడి చెరువులు నింపుతున్నారు. పరిశ్రమకు వచ్చేది బోరు నీరా, శుద్ధి చేసిన నీరా, రోజుకు ఎంత, వేసవిలో ఎంత అన్నది స్పష్టం కావాలి. పొరుగున పెనుకొండ వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారానికి గొల్లపల్లి జలాశయం ఆధారమైనది. ఆ విధంగా ఫలానా జలవనరు అని చూపగలిగినప్పుడే నమ్మకం కలుగుతుంది.

ఖాళీ ప్లాట్ల విస్తీర్ణం, ఎకరా ధర, విద్యుత్ ఉపకేంద్రం సామర్థ్యం, అనుమతులకు పట్టే గడువు, బాధ్యుడైన అధికారి ఫోను నంబరు, వివరాలు సవరించిన తేదీ కూడా అదే పుటలో ఉండాలి. పాతబడిన లెక్క లేని లెక్క కంటె ప్రమాదకరం. దానిని నమ్మి వచ్చినవారు మరల రారు.

ఈ వివరాలు పెట్టుబడిదారులకు ఎంత అవసరమో, భూములిచ్చిన రైతులకూ అంతే అవసరం. తమ పొలంలో వెలసిన ప్లాటు ఎవరికి దక్కినది, నిర్మాణం జరిగినదా, స్థానికులకు ఎన్ని కొలువులు వచ్చినవి అని తెలుసుకొనే హక్కు వారికున్నది. కన్నడంతో పాటు తెలుగులోనూ ఈ లెక్కలు వెలువడితే, సరిహద్దు పల్లెలే వాటి నిజానిజాలను సరిచూడగలవు.