అమీరుపేటయు విశ్వవిద్యాలయములును

సాయంకాలము ఆఱు గంటలు దాటినపిమ్మట పంజాగుట్ట కూడలి మొదలు అమీరుపేట మైత్రీవనము వఱకు నడచిన వారెవరికైనను ఒక విషయము స్పష్టపడును. పగలెల్ల బ్యాంకులలోను, మందుల కంపెనీలలోను, ఆడిటరుల కచ్చేరీలలోను పని చేసిన యువజనులు భుజమున సంచి తగిలించుకొని మేడమెట్లు ఎక్కుచుందురు. ఒకరు బి.కాం., ఒకరు రసాయనశాస్త్రమున బి.ఎస్‌సి., వేఱొకరు చరిత్రలో బి.ఏ. వీరు నేర్వగోరునది కంప్యూటరు నెట్‌వర్కుల విద్య.

అమీరుపేటను పరిహసించుట కొందఱు పెద్దలకు అలవాటు. మేము వారితో ఏకీభవింపజాలము. 1998లో సైబర్ టవర్సు తలుపులు తెఱచిననాటినుండి మన పల్లెల పిల్లలను ఆ కొలువులకు తగినవారినిగా చేయుటలో ఈ వీధి చేసిన పని చిన్నది కాదు. నీ పట్టమేదని ఇది అడుగలేదు. తెల్లవాఱుజామున రమ్మన్నవారికి తెల్లవాఱుజామున, రాత్రి రమ్మన్నవారికి రాత్రి పాఠము చెప్పినది. విశ్వవిద్యాలయములు ఈ ఒక్క గుణమును నేర్చుకొనియుండినచో నేడు మేమీ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయెడిది.

అయినను అక్కడ దొరకు విద్యకు ఒక మేర గలదు. ఏ యంత్రమునకు ఏ ఆజ్ఞ ఈయవలెనో రెండు నెలలలో నేర్పుదురు. ఆ ఆజ్ఞ ఎందుకో చెప్పుటకు వారికి వ్యవధి లేదు. 1986 అక్టోబరులో అమెరికాలోని బర్‌క్లీయందు జరిగినది చూడుడు. నాలుగువందల గజముల ఎడములోనున్న రెండు సంస్థల నడుమ సెకనుకు 32,000 బిట్లు సాగుచుండిన ప్రవాహము ఒక్కసారిగా 40 బిట్లకు పడిపోయెను. తంతులు తెగలేదు, యంత్రములు చెడలేదు. దారి కిక్కిరిసినకొలదిని ప్రతి కంప్యూటరును పంపినదానినే మఱల మఱల పంపి ఆ రద్దీని తానే పెంచెను. మన చెఱువుక్రింది రైతులందఱు ఒక్కమాఱే తూము లెత్తినచో చివరి మడికి నీరందని చందమిది. వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు కారణము కనిపెట్టి, రద్దీనిబట్టి ఎవరికి వారే వేగము తగ్గించుకొను పద్ధతిని 1988లో ప్రకటించెను. ఆ మూలసూత్రముపైననే నేటి ఇంటర్నెట్టు నడచుచున్నది. ఆజ్ఞలు వల్లించినవానికి ఇట్టి వ్యాధి అంతుపట్టదు.

పత్రముల మాట వేఱే చెప్పవలెను. సిస్కో కంపెనీవారి సి.సి.ఎన్.ఏ. పత్రమునకు మూడేండ్లకే కాలము చెల్లును. దానిని నిలుపుకొనుటకు మఱల పరీక్షయో శిక్షణయో తప్పదు. ఇక వీధి సంస్థలు ఇచ్చు కాగితమును పెద్ద కంపెనీలు లెక్కింపవు. దానితో కొందఱు లేని ఉద్యోగానుభవమునకు పత్రములు కొనుచున్నారు. అది పిమ్మట బయటపడి ఉన్న కొలువు ఊడినచో, కుమారుని చదువునకై ఎకరమో అరయెకరమో తాకట్టు పెట్టిన తండ్రి గతి యేమి?

కావున వీరికి కావలసినది విశ్వవిద్యాలయ ముద్ర గల స్నాతకోత్తర పట్టము. దానికి చట్టము అడ్డమా యన్న కాదు. ఎం.సి.ఏ. చదువును 2020లో మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గించిరి. ఇతర శాఖల పట్టభద్రులకు సంధానపాఠములు చెప్పి చేర్చుకొనుట అఖిల భారత సాంకేతిక విద్యా మండలివారి నియమములలోనే గలదు. పూర్వము చదివిన శాఖతో నిమిత్తము లేక ప్రవేశపరీక్ష గెలిచినవారు వేఱొక శాఖలో స్నాతకోత్తర విద్యకు పోవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి 2024 ప్రణాళికయు చెప్పుచున్నది. అడ్డమైనది గడియారము! తరగతులు పగలు, ఉద్యోగము పగలు. ఉద్యోగస్థులకై సాగుచు వచ్చిన పాక్షికకాలపు ఎం.టెక్. వంటివి ఇంజనీర్లకే గాని బి.కాం.వారికి కావు. 1982లో వెలసి దేశమునకే మొదటిదైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యలో మాన్యమైనదే. కాని ప్రయోగశాలలో తీగ చేతబట్టి నేర్వవలసిన విద్య పుస్తకపు కట్టలతో పూర్తిగా రాదు.

లండనులో 1823లో శ్రామికులకై స్థాపితమై నేడు బర్క్‌బెక్ అను పేరుతో నున్న విద్యాలయము రెండు శతాబ్దములుగా ఉద్యోగస్థులకు సాయంకాలములందు చదువు చెప్పుచున్నది. అచ్చట సాహిత్యము చదివినవాడును కంప్యూటరు శాస్త్రమున పై పట్టము పొందవచ్చును. ఆంగ్లేయుల నుండి మనము తెచ్చుకొన్న అనేక వస్తువులలో ఇది యొక్కటి రాకపోవుట విచారకరము.

గణితము రానివారిని చేర్చుకొన్నచో ప్రమాణము దిగజాఱునని పండితులు కొందఱు శంకించెదరు. ఈ విద్యకు మొదట కావలసినది ద్విసంఖ్యా గణనము, కొంత సంభావ్యతా గణితము, బిందువులను గీతలతో కలుపు గ్రాఫు శాస్త్రము. చిట్టాలు కూడి తీసివేయు బి.కాం.వానికి ఒక ఆఱునెలల సంధానపాఠముతో ఇవి అబ్బవని మేము నమ్మము. అబ్బనివారిని పరీక్షలో తప్పింపుడు, గుమ్మములోనే త్రోసివేయకుడు.

ఉస్మానియావారుగాని, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారుగాని అమీరుపేటలోనే ఒక అంతస్తు అద్దెకు గైకొని, మంచి ప్రయోగశాల నమర్చి, వారమునకు నాలుగు సాయంకాలములు తరగతులు నడిపి మూడేండ్లలో పట్టమీయవచ్చును. మెట్రో రైలు మార్గములు రెండు అచ్చటనే కలియుచున్నవి, మియాపూరువాడును, ఎల్.బి. నగరువాడును, నాగోలువాడును పాఠము ముగించుకొని బండి యెక్కి ఇల్లు చేరగలరు. రుసుమును వాయిదాలలో పుచ్చుకొనవలెను. ఆ వీధిలోని అనుభవజ్ఞులైన బోధకులను ప్రయోగపాఠములకు పిలుచుటకు ఆచార్యులు సిగ్గుపడనక్కఱలేదు. పాలకమండలులవారు ఈ విషయమును తమ తరువాతి సమావేశములోనే చర్చించి, రానున్న విద్యాసంవత్సరమునకు మొదటి తరగతిని ప్రకటింతురుగాక.