రేషన్ కార్డు కోసిన లెక్క ఎవల కాడున్నది?

అమీర్‌పేట మైత్రీవనం కాడ కోచింగ్ బోర్డులు సూడని పోరగాళ్లు మా భువనగిరి దిక్కు తక్కువ. పదేండ్ల కింద ఆ బోర్డుల మీద 'హడూప్' అన్న మాట మస్తు నడిచింది. డిగ్రీ, బీటెక్ అయిపోయినోళ్లు పొద్దుగాల రైలెక్కి పోయి నేర్సుకొని వచ్చిన్రు. కొందరికి కొలువులొచ్చినయ్, కొందరికి రాలె. గాని ఈ పెద్ద డేటా పని మన ఇంట్ల రేషన్ బియ్యం దాకా వస్తదని నాకు తెలిసి ఆ కోర్సులల్ల ఎవ్వలూ చెప్పలె.

ముందుగాల హడూప్ అంటే ఏందో సూద్దాం. 2014 ఆగస్టు 19 యాదికి తెచ్చుకోండ్రి. సమగ్ర కుటుంబ సర్వే. ఒక్కదినంల రాష్ట్రమంత లెక్క. బొంబయి, భీవండి పోయి బతికేటోళ్లు సుత బస్సులెక్కి ఊర్లకు వచ్చిన్రు. జనాన్నంత హైదరాబాద్‌కు పిలిచి లైన్ల నిలవెట్టి రాస్తే ఏండ్లు పట్టేది. అందుకే రాసేటోళ్లనే ఇంటింటికి తోలిన్రు. ఎవల వాడ వాళ్లు రాసిన్రు, మీదికెల్లి కలుపుకుంట పోయిన్రు. హడూప్ జేసేది సుత గదే. పెద్ద ఫైలును 128 ఎంబీ ముక్కలు జేసి మామూలు కంప్యూటర్ల మీద పంచుతది. ఒక్కో ముక్కను మూడు జాగల పెడ్తది. ఒక మిషన్ సచ్చినా ఇంకోటి జవాబు చెప్తది. లెక్కజేసే ప్రోగ్రామునే డేటా ఉన్నకాడికి పంపి, ఆఖరుకు జవాబులు కలుపుకుంటది.

గూగుల్ వాళ్లు 2003, 2004ల బయటవెట్టిన పేపర్లు సూసి డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా దీన్ని కట్టిన్రు. పేరు కటింగ్ కొడుకు ఆడుకునే ఏనుగు బొమ్మది. అపాచీ ఫౌండేషన్ కింద ఫుకట్‌గ దొరుకుతది, కోడ్ సుత ఎవలన్న సదువొచ్చు. ఆధార్ నడిపే యూఐడీఏఐ సుత హడూప్, హెచ్‌బేస్ అసొంటి ఓపెన్ సోర్స్ సామానే వాడింది.

ఇగ మన రాష్ట్రం లెక్క. 2024 నవంబర్‌ల మొదలైన కులగణనల 3.54 కోట్ల మంది, 1.12 కోట్ల కుటుంబాల వివరాలు 75 ప్రశ్నలతోని రాసుకున్నరు. మనిషికి 75 జవాబులు, జవాబుకు ఇరవై అక్షరాలు అనుకున్నా అంత కలిపి యాభై జీబీ సిల్లర. మీ ఫోన్ల మెమరీ కార్డుల పడుతది! వివరాలు దాసుడు కష్టమైన పనే కాదు. కష్టమంతా ఒక శాఖ చిట్టాను ఇంకో శాఖ చిట్టాతోని జోడించే కాడ ఉన్నది. 1.12 కోట్ల కుటుంబాలల్ల ఒక్కోదాన్ని తక్కిన అన్నిట్లతోని పోల్చాలంటే 60 లక్షల కోట్ల పోలికలు దాటుతయి. అందుకే పేరు, ఇంటిపేరు, ఊరు దగ్గరదగ్గరగ ఉన్నోళ్లను ముందుగాల గుంపులు జేసి, ఆ గుంపులల్లనే ఎవలు ఎవలో తేలుస్తరు.

మా దిక్కు ఈడనే చిక్కొస్తది. యాదగిరిగుట్ట నర్సింహస్వామి పుణ్యమాని ఊరూరికి పదిమంది నర్సింహలు, పదిమంది యాదగిరిలు, వాడకో యాదమ్మ. ఆధార్‌ల పేరు ఒక తీరు, పట్టా పాసుబుక్కుల ఇంకో తీరు, బండి ఆర్సీల మరో తీరు. ఇంగ్లీషుల 'నర్సింహ' రాసేకాడ నడుమల ఒక 'ఏ' ఎక్కువైతదా తక్కువైతదా అన్నది కంప్యూటర్ కాడ కూసున్న పిలగాని ఇష్టం. మిషన్ మాత్రం "వీళ్లిద్దరు ఒకటే అనిపిస్తున్నది" అని ఒక మార్కు వేస్తది. ఎన్ని మార్కులకు పైన ఒకటే మనిషి అనుకోవాలెనో ఆఫీసుల ఎవలో నిర్ణయం జేస్తరు.

తెలంగాణల ఈ జోడింపు పనికి 'సమగ్ర వేదిక' అని పేరు. ముప్పై దాకా శాఖల వివరాలు ఇండ్ల కలుస్తయి. దీన్ని రేషన్ కార్డుల ఏరివేతకు వాడిన్రు. కార్డుకు నిబంధనలు ఉన్నయి: తరి 3.5 ఎకరాలు, ఖుష్కి 7.5 ఎకరాలు దాటొద్దు, పల్లెల్ల ఏడాది ఆదాయం లక్షన్నర దాటొద్దు, కారు ఉండొద్దు. నిబంధన మీద నాకు పంచాయితీ లేదు. బోగస్ కార్డులు ఉండె, సచ్చినోళ్ల పేర్ల మీద బియ్యం పోయె, అది సుత నిజమే. గాని హైదరాబాద్‌ల రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు కారున్న ఇంకొకాయన పేరుతోని కలిసి, ఆ ఇంటికి బియ్యం బందయిన కథ పేపర్లల్ల వచ్చింది. నోటీసు లేదు, ఇంటికొచ్చి సూసింది లేదు. 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్ల ఇంటింటికి పోయి పరిశీలించమని చెప్పాల్సొచ్చింది.

మరి ఆ జోడింపు ఎట్ల జేసిన్రో సూద్దామంటే? సాఫ్ట్‌వేర్ పోసిడెక్స్ అనే హైదరాబాద్ కంపెనీది. సమాచార హక్కు కింద విలేకర్లు సోర్స్ కోడ్ అడిగితే, హక్కులు కంపెనీవని ఐటీ శాఖ ఇయ్యలె. డేటా మనది, పైసలు మనయి, బియ్యం మనయి, లెక్క మాత్రం వాళ్లది.

కొందరు దోస్తులు "అంత ఓపెన్ సోర్స్‌ల పెడితే అయిపాయె" అంటరు. నాకు గంత నమ్మకం లేదు. రేపు సమగ్ర వేదికను అచ్చంగ హడూప్ మీద కట్టినా, ఎన్ని మార్కులకు కార్డు కోస్తున్నరో చెప్పకపోతే యాదమ్మకు ఒరిగేది ఏం లేదు. కోడ్ బయటికొస్తే అమీర్‌పేటల నేర్సుకొచ్చిన మన పోరగాళ్లు సదివి తప్పు పట్టొచ్చు, అందుకు కావాలె. గాని అంతకన్న ముందు కావాల్సింది తెలుగుల ఒక కాయితం: ఏ శాఖ చిట్టాల, ఏ పేరుతోని, ఏ బండి నంబరుతోని నీ పేరు కలిసింది. కార్డు తీసేసినంక కాదు, తీసెయ్యకముందు. దాని మీద జవాబు చెప్పుకోనీకి నెల రోజులు, ఊర్లకొచ్చి సూసే మనిషి.

2025 జులై సంది కొత్త కార్డులు పంచుతున్నరు, పేర్లు ఎక్కిస్తున్నరు. దరఖాస్తు పెట్టి ఏడికీ తేలనోళ్లు మీ ఇంటి చుట్టుపక్కల ఉంటే, మండల ఆఫీసుల "సిస్టమ్ తీసుకుంటలేదు" అన్న మాట ఇని ఎనుకకు రావొద్దని చెప్పుండ్రి. ఏ కారణమో రాసియ్యమని అడుగుండ్రి, ఇయ్యకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టుండ్రి. తెల్లకార్డోళ్లకు దానికి ఫీజు సుత లేదు. కార్డే లేనోళ్లు మాత్రం పైసలు కట్టాలె.