గీత దాటాలంటే ఎవర్నడగాలి?

సూళ్లూరుపేటలో శ్రీహరికోట రోడ్డెక్కితే కాసేపటికి రెండు పక్కలా నీళ్లే. చలికాలమైతే ఆ నీళ్ల మీద, దూరంగా, లేత గులాబీ రంగులో సన్నగా ఓ గీత కనిపిస్తుంది. ఆగి చూస్తే ఆ గీత కదులుతుంది. ఫ్లెమింగోలు! కార్లు ఆపుకుని, పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుని, జనం ఆ గీతనే చూస్తుంటారు. 2001 నుంచి వాటి పేరు మీద సూళ్లూరుపేటలో పండగే జరుగుతోంది.

ఆ జనానికి కనిపించని గీతలు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. అభయారణ్యం సరిహద్దు గీత ఒకటి. దాని చుట్టూ పర్యావరణ సున్నిత మండలానిది మరొకటి. ఆటుపోట్లు ఎంతవరకూ వస్తాయో కొలిచి గీసింది ఇంకొకటి. ఇవికాక రాకెట్ కేంద్రం వాళ్ల హద్దులు వేరే. పక్షులకు ఈ గీతల్తో పనిలేదు. పులికాట్‌లో చేపలు తిని, పొద్దుగూకేసరికి నేలపట్టు చెట్ల మీది గూళ్లకు చేరే గూడబాతును ఏ పర్మిషనూ ఎవరూ అడగరు. వచ్చిన చిక్కల్లా మనుషులకే.

పులికాట్‌ను ఆ పక్క పాతవాళ్లు ప్రళయ కావేరి అంటారు. ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో పెద్దది ఇదే. ఎక్కువ భాగం మనది, దక్షిణపు కొస తమిళనాడుది. మన భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అప్పుడది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారింది కానీ గీతలు మారలేదు.

వల మీద బతికే కుటుంబం ఒకటి ఉందనుకోండి. తుపానుకు తాటాకు ఇల్లు ఎగిరిపోయింది. ఈసారి నాలుగు గోడలు పక్కాగా లేపుకోవాలి. ఎవర్నడగాలి? పంచాయతీ కార్యదర్శిని అడిగితే ఫారెస్టోళ్లను అడగమంటాడు. ఫారెస్టాయన నీ స్థలం సర్వే నంబరు పట్టుకురా అంటాడు. సర్వే నంబరు దొరికితే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆ స్థలం గీతకు ఏ పక్కన ఉంది?

అభయారణ్యం లోపలుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. 1972 నాటి ఆ చట్టంలో 29వ సెక్షను చాలా గట్టిది. అభయారణ్యంలో దేన్ని కదిలించాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ ఇవ్వాలంటే ఆ పని వన్యప్రాణుల మేలు కోసమేనని రాష్ట్ర ప్రభుత్వం, బోర్డుతో సంప్రదించి, నమ్మాలి. మనుషుల మేలు కోసం అని అందులో లేదు. మరి రోడ్లూ, కరెంటు లైన్లూ, కేబుళ్లూ అభయారణ్యాల మధ్యలోంచి ఎలా వెళ్తున్నాయి? దానికో దారి ఉంది. దరఖాస్తులో ఐదు భాగాలుంటాయి. మొదటిది అడిగేవాళ్లు నింపాలి. మిగతావి కింది నుంచి పై దాకా అటవీ అధికారులు ఒకరి తర్వాత ఒకరు నింపుతారు. అక్కణ్నుంచి ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా ఉండే రాష్ట్ర వన్యప్రాణి బోర్డుకు, అదీ దాటితే ఢిల్లీలో జాతీయ బోర్డుకు. జాతీయ బోర్డు అధ్యక్షుడు సాక్షాత్తూ ప్రధానమంత్రి. రోజువారీ ఫైళ్లు చూసేది మాత్రం పర్యావరణ మంత్రి అధ్యక్షతన ఉండే స్టాండింగ్ కమిటీ. కమిటీ ఒప్పుకున్నా ఉత్తినే ఒప్పుకోదు. రాత్రిపూట పని చేయకూడదు, జంతువులకు దారి వదలాలి, వన్యప్రాణుల కోసం డబ్బు జమ చేయాలి... ఇలా షరతులుంటాయి.

రోడ్డేసే శాఖకు ఈ ఐదు భాగాలు నింపడానికి ఇంజినీర్లున్నారు, కన్సల్టెంట్లున్నారు. గోడలు లేపుకునేవాడికి ఎవరున్నారు?

ఆ ఇల్లు గీతకు అవతల, అంటే బయట ఉందనుకుందాం. అక్కడ కాస్త ఊపిరి ఆడుతుంది. పర్యావరణ సున్నిత మండలాల కోసం కేంద్రం 2011 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పనుల్ని మూడు గంపలుగా విడదీసింది. పూర్తిగా వద్దన్నవి, అడిగి చేయాల్సినవి, అడక్కుండా చేసుకోవచ్చన్నవి. గనులు, కాలుష్యం చిమ్మే ఫ్యాక్టరీలు మొదటి గంపలో. హోటళ్లు, రిసార్టులు రెండో గంపలో. వర్షపు నీటిని పట్టుకోవడం, సేంద్రియ సాగు లాంటివి మూడో గంపలో. ఇక ఈ మండలాల నోటిఫికేషన్లలో మామూలుగా ఒక వాక్యం కనిపిస్తుంది. అభయారణ్యం హద్దు నుంచి కిలోమీటరు లోపు వ్యాపార కట్టడాలు కొత్తగా వద్దు, స్థానికులు సొంత స్థలంలో తాము ఉండటానికి ఇల్లు కట్టుకోవచ్చు అని. ఇంటి కోసం మట్టి తవ్వుకోవడానికి కూడా గనుల నిషేధంలోంచి సడలింపు ఉంటుంది. కుటుంబానికీ కంపెనీకీ తేడా తెలిసినవాళ్లు రాసిన వాక్యం అది.

ఆ తేడా ఒకసారి చెరిగిపోయింది కూడా. 2022 జూన్ 3న సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం కిలోమీటరు సున్నిత మండలం ఉండాలంది. అందులో ఏ అవసరానికైనా సరే శాశ్వత కట్టడాలు కొత్తగా రాకూడదంది. ఏ అవసరానికైనా అంటే బడికీ, ఆసుపత్రికీ, పెళ్లైన కొడుక్కి వేసే గదికీ కూడా. కేరళలో రైతులు రోడ్డెక్కారు. 2023 ఏప్రిల్ 26న అదే కోర్టు ఆ ఉత్తర్వును సవరించింది. గనుల మీద నిషేధాన్ని మాత్రం ఉంచింది. న్యాయస్థానం తన మాటను తానే సరిచేసుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ పది నెలలూ పునాది తవ్వి ఆగిపోయినవాళ్ల సంగతి ఏ తీర్పులోనూ ఉండదు.

మూడో గీత నీటిది. తీర నియంత్రణ నిబంధనలు మొదట వచ్చింది 1991లో. ఆటుపోట్లు సోకే కయ్యలు, సరస్సుల గట్టు నుంచి నూరు మీటర్లు అని 2011 నోటిఫికేషన్‌లో ఉంటే, 2019లో దాన్ని యాభైకి తగ్గించారు. కొత్త పటాలకు ఆమోదం దొరికిన చోట ఇది వర్తిస్తుంది. 300 చదరపు మీటర్ల లోపు సొంత ఇల్లయితే తీర నియంత్రణ సంస్థ దాకా పోనక్కర్లేదు, స్థానిక సంస్థే అనుమతి ఇవ్వొచ్చని కూడా అందులో రాశారు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ అభయారణ్యాలన్నీ ఈ నిబంధనల ప్రకారం అత్యంత సున్నితమైన మొదటి తరగతి. కాబట్టి ఫైలు తిరిగి తిరిగి మళ్లీ ఫారెస్టాఫీసుకే వస్తుంది.

ఇరకం దీవి వాళ్లను అడిగితే ఈ గీతల బరువు తెలుస్తుంది. తడ మండలంలో, సరస్సు మధ్యలో ఉన్న ఊరది. భీమునివారిపాలెం రేవు నుంచి పడవెక్కాలి. పెళ్లికూతురైనా, పురిటి నొప్పులొచ్చిన బిడ్డయినా తరాలుగా పడవే దిక్కయింది. అలాంటి ఊరికి వంతెన కావాలంటే అది ఊళ్లోవాళ్లకు అవసరం, కాగితం మీద మాత్రం అభయారణ్యంలో కట్టడం. సరస్సు ముఖద్వారాల దగ్గర పూడిక తీయడం కూడా అంతే. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేస్తే సముద్రపు నీళ్లు లోపలికి రావు. నీళ్లు రాకపోతే చేపల్లేవు, రొయ్యల్లేవు. అవి లేకపోతే పక్షులూ ఉండవు. అంటే ఇక్కడ మత్స్యకారుడి కోరికా, పక్షి కోరికా ఒకటే. ఇలాంటి పనికి అనుమతి తేలిగ్గా రావాలని మామూలు బుద్ధికి తోస్తుంది. కానీ మరబోటూ, డ్రెడ్జరూ అభయారణ్యంలోకి దిగుతున్నాయంటే ఫైలుకు మాత్రం అన్నీ ఒకటే.

ఇదే సరస్సు అంచున పెద్దవాళ్లు అడిగిన అనుమతి ఒకటుంది. దుగరాజపట్నం రేవు. వాకాడు మండలంలోని ఈ ఊళ్లో భారీ ఓడరేవు కట్టడానికి 2013లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2014 నాటి విభజన చట్టంలోని పదమూడో షెడ్యూల్లో, తొలి దశను 2018 చివరికి పూర్తి చేయాలని రాశారు కూడా. పార్లమెంటు రాసిన మాట! అయినా రేవు రాలేదు. పక్కనే శ్రీహరికోట ఉంది, ఇస్రో అభ్యంతరం చెప్పింది. మరో పక్క పక్షుల అభయారణ్యం. లాభసాటి కాదన్న లెక్కలు పైన. చివరికి చూపు రామాయపట్నం వైపు తిరిగింది. సున్నితమైన చోటికి దూరంగా ఇంకో స్థలం ఉందా లేదా అన్న ప్రశ్న మొదటే వేసి ఉంటే ఐదేళ్లు కలిసొచ్చేవి. ఏ మినహాయింపులోనైనా మొదట అడగాల్సిన ప్రశ్న అదే. మనవాళ్లు ఎప్పుడూ చివర్లో అడుగుతారు.

కొల్లేరు కథ ఇంకో రకం. 1999 అక్టోబరులో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 308 చదరపు కిలోమీటర్లు. చెరువులు తవ్వుకున్నవాళ్లు తవ్వుకుంటూనే ఉన్నారు. 2006లో వాటి గట్లు తెగ్గొట్టారు. తర్వాత గీతనే మూడో కాంటూరుకు జరపమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. అయితే సరస్సు గీతను జరిపే అధికారం శాసనసభకు లేదు. జాతీయ బోర్డు సిఫార్సు లేనిదే అభయారణ్యం హద్దులు మార్చకూడదని చట్టం. అజీజ్ కమిటీ వచ్చి చూసి, ఐదో కాంటూరునే ఉంచమంది. అక్కడ అడిగింది ఒక ఇంటికి మినహాయింపు కాదు, మొత్తానికి గీతే వద్దని.

పట్నాల్లో మనకు ఇంకో అలవాటుంది. ముందు కట్టేయడం, తర్వాత కట్టించుకోవడం... జరిమానా. 2007 డిసెంబరు 31న వచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం అదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తర్వాత 2015లో ఒకటి, 2019లో ఒకటి వచ్చాయి. ఒక్కసారికే అని ప్రతిసారీ చెబుతారు. పక్కవాడి గాలీ వెలుతురూ ఆగిపోతే ఆ జరిమానాలో పక్కవాడికి పైసా రాదు. అనుమతి అడిగి కట్టినవాడు అమాయకుడిలా మిగిలిపోతాడు.

మన పిల్లలు చాలామంది ఉండే అమెరికాలోని న్యూజెర్సీలో పద్ధతి వేరు. ఇల్లు నిబంధనకు రెండడుగులు అవతలికి జరపాలన్నా జోనింగ్ బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులందరికీ పది రోజుల ముందు నోటీసు పంపాలి. పత్రికలోనూ వేయించాలి. అందరి ఎదుటా ప్రమాణం చేసి చెప్పాలి, పక్కింటివాళ్లు లేచి ప్రశ్నలేస్తే జవాబివ్వాలి. బోర్డులో ఉండేది ఆ ఊరివాళ్లే ఏడుగురు. స్థలం వాడకాన్నే మార్చాలంటే ఏడుగురిలో ఐదుగురు ఒప్పుకోవాలి. ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో రాతలో పెట్టాలి. అక్కడ తగాదాలు లేవని కాదు. పక్కింటాయన మీద పాత కోపాన్ని ఆ సభలో తీర్చుకునేవాళ్లూ ఉంటారు. కానీ నిర్ణయించేవాడి మొహం అడిగినవాడికి కనిపిస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు. పులికాట్ దక్షిణపు కొసన తమిళ మత్స్యకారులకు ‘పాడు’ అనే పద్ధతి ఉంది. తెలుగులో ఆ మాట వినగానే ఉలిక్కిపడాల్సిన పనిలేదు, అక్కడది వల వేసుకునే వంతు. సరస్సులో మంచి చోట్లు కొన్నే ఉంటాయి, వలలు ఎక్కువ. ఎవరు ఎప్పుడు ఎక్కడ వేయాలో చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. ఇవాళ మంచి చోటు దొరికినవాడికి రేపు వేరే చోటు. వంతులో కులం బయటివాళ్లకు చోటు లేదన్న విమర్శ ఆ పద్ధతి మీద ఉంది, అదీ నిజమే. అయినా వంతు తప్పినవాడు ఎవర్నడగాలో ఊళ్లో అందరికీ తెలుసు.

మన వైపు మత్స్యకారుడికి ఆ తెలివిడే కరువు. సున్నిత మండలం గీత గీసేముందు కేంద్రం ముసాయిదా వేసి, 60 రోజులు అభ్యంతరాలు వింటుంది. ఎవరైనా రాయొచ్చు. మండలం ఏర్పడ్డాక దాన్ని కనిపెట్టుకుని ఉండే కమిటీకి మామూలుగా జిల్లా కలెక్టరే అధ్యక్షుడు. స్టాండింగ్ కమిటీ ఏం చర్చించిందో ఇంటర్నెట్‌లో పెడతారు. దారులన్నీ తెరిచే ఉన్నాయి. కాకపోతే ముసాయిదా అచ్చయ్యేది కేంద్ర గెజెట్‌లో, హిందీలోనూ ఇంగ్లీషులోనూ. ఇరకంలో పడవ దిగి, పంచాయతీ ఆఫీసు గోడ మీద దాన్ని తెలుగులో చదువుకునే వీలుంటే, 60 రోజుల్లో మొదటి ఉత్తరం అక్కణ్నుంచే వెళ్లేది.