పొగ మన ఇంటి విషయం కాదా?

"పరిశోధన చేసుకునే డాక్టరుకి రాజకీయాలెందుకండీ? హాయిగా ల్యాబ్‌లో కూర్చోవచ్చుగా!"

మా మెల్‌బోర్న్‌లో రాష్ట్ర ఎన్నికలొచ్చినప్పుడల్లా మన ఆడవాళ్ళ మధ్య ఈ మాట వింటూనే ఉంటాను. ఆరోగ్య పరిశోధకులెవరైనా గాలి, బొగ్గు, వేడి అంటూ నిలబడితే చాలు, "కడుపు నిండినవాళ్ళ కబుర్లు" అని తీసిపారేస్తారు. నాకు మాత్రం ఈ మాట మింగుడుపడదు. అర్ధరాత్రి పిల్లాడికి ఆయాసం వస్తే వీపు నిమురుతూ కూర్చునేది ఎవరు? బడిలో ఆస్తమా ప్లాన్ కాగితం ఇచ్చి, బ్యాగులో ఇన్‌హేలర్ ఉందో లేదో రోజూ చూసేది ఎవరు? చాలా ఇళ్ళలో మనమే కదా! మరి గాలి సంగతి మనకి పట్టనిదెలా అవుతుంది?

ఆసుపత్రులు, గనుల లైసెన్సులు, ఇళ్ళ పక్కనుంచి లారీలు పోయే రోడ్లు, కాలుష్యం మీద నిఘా పెట్టే ఈపీఏ, ఇవన్నీ చాలామటుకు రాష్ట్ర ప్రభుత్వం చేతిలోవే. అక్కడ ఆరోగ్యం తెలిసినవాళ్ళు లేకపోతే ఏమవుతుందో మోర్వెల్ ఊరివాళ్ళనడగండి. 2014 ఫిబ్రవరి 9న ఆ ఊరి పక్కనే ఉన్న హేజిల్‌వుడ్ బొగ్గుగని అంటుకుంది. 45 రోజులు కాలింది. ఊరంతా పొగ, బూడిద. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్ళు కొన్నాళ్ళు వేరేచోటికి వెళ్తే మంచిదని అధికారులు చెప్పింది ఎప్పుడో తెలుసా? ఫిబ్రవరి 28న! దాదాపు మూడు వారాలు కడుపుతో ఉన్న అమ్మాయిలు ఆ పొగే పీల్చారు. ఆ సలహా బాగా ఆలస్యమైందని విచారణలోనే తేల్చారు.

ఆ మొదటి విచారణతో కథ ముగిసిపోయేదే. ఊరివాళ్ళు ఊరుకోలేదు. మరణాల లెక్కలు తెప్పించి, గణాంకాలు తెలిసిన పరిశోధకుడి చేత చూపించారు. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. 2015లో విచారణ మళ్ళీ తెరిచారు. మరణాలు పెరగడానికి ఆ పొగ కూడా కారణమై ఉండవచ్చని అప్పుడు తేలింది. లెక్క కట్టింది పరిశోధన. తలుపు తెరిపించింది ఓటు. రెండూ కలిస్తేనే పని జరిగింది.

ఇంకోటి మనకి మరీ దగ్గరిది. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. రై గడ్డి పుప్పొడి చిట్లి ఊపిరితిత్తుల్లోకి పోయింది. వేలమంది ఎమర్జెన్సీకి పరుగెత్తారు, 10 మంది చనిపోయారు. బాధితుల్లో భారతీయ, ఆసియా మూలాలవాళ్ళు జనాభాలో తమ వాటాకంటే బాగా ఎక్కువగా ఉన్నారని ఆ తర్వాత అధ్యయనాలు చెప్పాయి. మరుసటి ఏడాది నుంచి ముందస్తు హెచ్చరికలు మొదలయ్యాయి. పుప్పొడి లెక్కపెట్టింది శాస్త్రవేత్తలే, కానీ ఆ లెక్క మన ఫోన్లో హెచ్చరికగా మోగాలంటే ప్రభుత్వం డబ్బు పెట్టాలి.

ల్యాబ్ వదిలి వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. టిమ్ రీడ్ అనే డాక్టరు మెల్‌బోర్న్‌లో హెచ్‌పీవీ టీకా మీద పరిశోధన చేశారు. టీకా మొదలైన నాలుగేళ్ళకే చిన్నవయసు ఆడపిల్లల్లో ఆ వైరస్ తెచ్చే పులిపిర్లు దాదాపు కనుమరుగయ్యాయని చూపించిన బృందంలో ఆయనొకరు. గ్రీన్స్ పార్టీ తరఫున బ్రన్స్‌విక్‌లో 2014లో ఓడిపోయి, 2018లో గెలిచారు. ఆయన పార్టీ మీకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి. మన ఆడపిల్లలకి టీకా వేయించేటప్పుడు నమ్మిన చదువునే, గాలి గురించి మాట్లాడితే "అనవసరం" అనడం ఏం న్యాయం?

"కరెంటు బిల్లు తగ్గించేవాళ్ళకి వేస్తాం" అంటారా? అడగండి, తప్పకుండా అడగండి. కాకపోతే ఇన్‌హేలర్ల ఖర్చు, ఆఫీసుకి పెట్టిన సెలవులు కూడా ఆ బిల్లులో కలిపి చూడండి. "గెలవనివాళ్ళకి వేస్తే ఓటు వృథా" అంటారా? ఇక్కడ బ్యాలెట్ మీద 1, 2, 3 అని వరస అంకెలు వేస్తాం. మీ మొదటివాళ్ళు లెక్కింపులో తప్పుకుంటే ఓటు రెండోవాళ్ళకి వెళ్తుంది. వృథా అనేదే లేదు.

డాక్టరు కాబట్టి కళ్ళు మూసుకుని వేయమనడం లేదు. మా బడి పక్క రోడ్డు మీద లారీల పొగ ఎవరు కొలుస్తారు, కొలిచాక ఆ అంకె ఎవరికి చెప్తారు, ఈపీఏకి కోరలున్నాయా అని నిలదీయండి. సమాధానం లేకపోతే కింద అంకె వేయండి. ఉంటే మాత్రం పైన వేయడానికి మొహమాటపడకండి. ఓటు వేయకపోతే ఎలాగూ జరిమానా కడతాం. వేసే ఓటేదో మన పిల్లల ఊపిరి కోసం వేద్దాం.